ముక్కూ మొహం తెలియని మనిషి

ముఖానికి ఏమీ రాసుకోకుండా రమ్మన్నారు. పౌడరు వద్దు, క్రీము వద్దు, కాటుక కూడా వద్దు, ఉత్త మొహంతో రండి అని ఫోనులో రిసెప్షన్ పిల్ల ఎంత తేలిగ్గా చెప్పింది, గొడుగు బయట పెట్టి రండి అన్నంత తేలిగ్గా. ఉత్త మొహం అంటే ఏమిటో ఆ పిల్లకేం తెలుసు, ఇదిగో బల్ల వెనకే కూర్చుని ఉంది, బుగ్గ మీద ఈగ వాలినా జారి పడేట్టుంది. ముప్పై ఏడేళ్ళ మనిషి ఉత్త మొహంతో గడప దాటి, రెండు వీధులు నడిచి, బస్సెక్కి, కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా మొహం మీద వెలుతురు పడుతుందని కూర్చోకుండా కడ్డీ పట్టుకుని నిలబడి, లిఫ్టులో అద్దం ఉంటుందని మూడంతస్తులూ మెట్లెక్కి ఇక్కడికొచ్చి పడిందంటే మాటలా. వచ్చాక మాత్రం ఏం చేసింది, చీటీ తీసుకుంటూ తలెత్తలేదు, ఫోను నంబరు చెబుతూ బల్ల మీది పెన్నుల డబ్బాతో మాట్లాడింది, ట్యూబులైటు పాడైన మూల ఏదో చూసుకుని అక్కడ కూర్చుంది. పగలు పదకొండు గంటలకి ఏ మూల కూర్చుంటే ఏమిటి, మొహం మొహమే.

హాలు ఒకటే, డాక్టర్లు ఇద్దరు. ఎడమ తలుపు వెనక చర్మం డాక్టరు, కుడి తలుపు వెనక నరాల డాక్టరు. చర్మానికి పసుపు చీటీ, నరాలకి నీలం చీటీ, గోడ మీద రెండు పలకలు, అంకె మారినప్పుడల్లా టింగుమని చప్పుడు. ఎవరి చేతిలో ఏ రంగు చీటీ ఉందో చూస్తే ఎవరు ఎందుకొచ్చారో హాలంతటికీ తెలిసిపోతుంది. ఈ ఏర్పాటు చేసినవాడికి జన్మలో ఒక్క మొటిమ కూడా లేచి ఉండదు. ఆమెది పద్నాలుగు. పసుపు పలక మీద ఎనిమిది. చీటీని మడిచి మడిచి గోరంత చేసి గుప్పిట్లో దాచుకుంది, రెండో చెయ్యి దాని పాటికది ముక్కు మీదికి పోయింది. ఎప్పుడు చూసినా ముక్కున వేలేసుకుని ఉంటుంది, దీనికి లోకంలో ప్రతిదీ వింతే అని మేనత్త నవ్వేది. వింతా లేదు పాడూ లేదు, ఆ వేలి కింద ఉన్నవి నల్లచుక్కలు. ముక్కు మీద, ముక్కు పక్కల, గడ్డం గుంటలో, కింది పెదవి దిగువన. గోటితో నొక్కితే సన్నటి దారప్పోగులా బయటికొచ్చేవి కొన్ని, ఎంత నొక్కినా రాక చుట్టూ ఎర్రగా వాచిపోయేవి కొన్ని, చర్మం కింద గింజల్లా గట్టిపడి పైకీ రాక లోపలికీ పోక ప్రాణం తీసేవి కొన్ని. పదమూడో ఏట మొదలైనప్పుడు అమ్మ, వయసు కదే, ఇరవైకి పోతాయి అంది. ఇరవైకి, పెళ్ళయితే పోతాయి అంది. పెళ్ళయ్యాక, ఒక కాన్పయితే పోతాయి అంది. కాన్పూ అయింది, కూతురికి తొమ్మిదేళ్ళొచ్చాయి, అమ్మ ఆ మాటెత్తడమే మానేసింది.

మానేసిందంటే అమ్మ కూడా ఓడిపోయిందన్నమాట. ఎన్ని చేసింది పాపం, నిమ్మచెక్కలు రుద్దింది, పంచదార రుద్దింది, తువ్వాలు కప్పి మరిగే నీళ్ళ మీద వంచి కూర్చోపెట్టింది, ఊపిరాడటం లేదమ్మా అంటే ఇంకాసేపు ఓర్చుకోవే అంది. అంతా ఆ టీచరమ్మ వల్ల. ఎనిమిదో తరగతిలో, లెక్కల మధ్యలో, సుద్దముక్క పట్టుకుని నడుస్తూ నడుస్తూ ఆమె బెంచీ దగ్గర ఆగి, నువ్వు లేచి కుళాయి దగ్గరికి పోయి మొహం కడుక్కుని రా, ముక్కు నిండా మురికి, అంది. వెళ్ళింది. చేతులు కడుక్కునే సబ్బుతో మూడుసార్లు తోమింది. వస్తే క్లాసంతా చూస్తోంది, టీచరమ్మ చూసింది, ఇంకా సరిగ్గా కడగలేదు అంది, కూర్చోమంది. ఆ మాట ఆ పూటతో పోలేదు. మురికి అన్న మాట ఎక్కడ వినపడినా, గిన్నెల గురించైనా, కిటికీ తెరల గురించైనా, తననే అంటున్నట్టు ఉలిక్కిపడేది. ఇరవై నాలుగేళ్ళు ఆ ఉలికిపాటుతోనే బతికి, పోయిన వారం ఇదే ఎడమ తలుపు వెనక, చర్మం డాక్టరు మందులు రాస్తూ రాస్తూ, మురికి కాదమ్మా ఇది, చర్మంలో ఊరే నూనె రంధ్రంలో గడ్డకట్టి, గాలి తగిలి నల్లబడుతుంది, మీరు రుద్దేకొద్దీ మొండికేస్తుంది, రుద్దడం మానండి, నొక్కడం మానండి, వచ్చేవారం రండి, ఆవిరి పట్టి జాగ్రత్తగా తీస్తాం అన్నాడు. కాగితం మీంచి తల కూడా ఎత్తలేదు. మళ్ళీ ఒకసారి చెప్పండి అని అడగాలనిపించింది. ఆ టీచరమ్మని వెతికి తీసుకొచ్చి ఈ కుర్చీలో కూర్చోపెట్టాలనిపించింది. మొహమాటపడి, సరేనండీ అని వచ్చేసింది.

పసుపు పలక మీద తొమ్మిది పడింది. అప్పుడే మెట్ల వైపు తలుపు తోసుకుని ఒకావిడ వచ్చింది, గోడ పట్టుకుని, అడుగు అడుగూ తడుముకుంటూ. యాభై అయిదేళ్ళుంటాయి. మెడలో కొలతల టేపు, తీసి రావడం మర్చిపోయినట్టుంది. ఆ టేపు చూడగానే ఆమె గుర్తుపట్టింది. దర్జీ ఆవిడ. నాలుగు నెలల్లో మూడుసార్లు తను పనిచేసే కళ్ళద్దాల షాపుకొచ్చి, తలనొప్పి తగ్గడం లేదని చెప్పి వెళ్ళిన దర్జీ ఆవిడ. ఆవిడ నీలం చీటీ తీసుకుని, ఇన్ని కుర్చీలు ఖాళీగా ఉండగా, వచ్చి వచ్చి ఆమె పక్క కుర్చీలోనే కూలబడింది. ఆమె మొహం గోడకి తిప్పేసుకుంది. అయిపోయింది, ఇప్పుడు అంటుంది, మీరు కళ్ళద్దాల షాపు అమ్మాయి కదూ అంటుంది, అన్నాక తేరిపారా చూస్తుంది, షాపులో ఉండే ఆ నున్నటి మొహం ఎక్కడ, ఇదెక్కడ అనుకుంటుంది. కానీ ఆవిడ కళ్ళద్దాలు ఆవిడ ఒళ్ళో, రుమాల్లో చుట్టి ఉన్నాయి. అవి లేకపోతే ఆవిడకి జానెడు అవతల ప్రపంచమంతా మసక. ఆ సంగతి ఈ హాలులో ఆమె కన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు, ఆ పవరు కాగితం చేత్తో పట్టుకుని అద్దాలు చేయించిందే ఆమె.

"నీలం నంబరు ఎంత నడుస్తోంది తల్లీ? నాకు కనపడి చావదు," అంది ఆవిడ.

"ఏడండీ," అంది ఆమె, గొంతు తగ్గించి, గోడతో.

"నాది పదకొండు. అద్దాలు చేతిలో పెట్టుకుని నన్నడుగుతుందేంటి అనుకుంటున్నావేమో. పెట్టుకుంటే తల పగిలిపోతోంది. తీస్తే గోడలు గుద్దుకుంటున్నా."

ఊఁ అంది ఆమె. అంతకన్నా ఎక్కువ మాట్లాడితే గొంతు పట్టిచ్చేస్తుందోనని భయం. పదకొండేళ్ళుగా ఆ షాపులో ఆ గొంతుతోనే బతుకుతోంది. కళ్ళద్దాల షాపంటే అడుగుకో అద్దం, గోడలకి అద్దాలు, స్తంభాలకి అద్దాలు, బల్ల మీద చిన్న అద్దాలు, పైన పెద్దపెద్ద తెల్లలైట్లు. నల్లచుక్కలున్న మనిషి బతుకుతెరువు కోసం వెతుక్కుని వెతుక్కుని సరిగ్గా అక్కడికే పోయి చేరిందంటే ఎవరికైనా నవ్వొస్తుంది, ఆమెకే ఒక్కోసారి వచ్చేది. ఆమె పని కొలతలు తియ్యడం. రెండు కంటిపాపల మధ్య ఎంత దూరమో మిల్లీమీటర్లలో తియ్యాలి, అద్దం నడిమధ్య సరిగ్గా పాప ఎదురుగా వచ్చేట్టు ఫ్రేములో కూర్చోపెట్టాలి. అందుకు మనిషికి ఎదురుగా మూరెడు దూరంలో కూర్చోవాలి, ఇద్దరి కళ్ళూ ఒకే ఎత్తులో ఉండాలి. వాళ్ళ ముక్కు దూలం మీద స్కేలు ఆనించి, తన కుడికన్ను మూసి, నా ఎడమకన్ను చూడండి అనాలి. తర్వాత తన ఎడమకన్ను మూసి, ఇప్పుడు నా కుడికన్ను చూడండి అనాలి. అంతసేపూ ముక్కూ మొహం తెలియని మనుషులు ఆమె ముక్కూ మొహమే చూస్తూ ఉంటారు, వేరే చూడటానికేముంది. కొలిచేటప్పుడు కొంత నయం, చూపు ఆననివాళ్ళు కదా. అద్దాలు తయారయ్యాక ఆమే స్వయంగా పెట్టి, చెవుల వెనక సర్ది, ఎలా ఉందండీ అని అడగాలి. మసకలోంచి బయటపడ్డ కళ్ళకి మొట్టమొదట తేటగా కనిపించేది ఆమె ముక్కు.

నోటికీ ముక్కుకీ గుడ్డ కట్టుకోవాలని ఊరంతటికీ ఆజ్ఞలొచ్చిన రోజులున్నాయే, జనమంతా హడలిపోతున్న రోజులు, సిగ్గులేకుండా చెప్పాలంటే ఆమె జీవితంలో అంత హాయిగా ఉన్న రోజులు లేవు. కళ్ళు బాగుంటాయని ఎవరో అన్నారు కూడా. గుడ్డ కింద చెమట పట్టి లోపల ఇంకా పెరిగాయి, పెరగనీ, ఎవరు చూడొచ్చారు. తర్వాత అందరూ తీసేశారు, ఆమె జలుబని ఒక నెల, దుమ్ము పడదని ఒక నెల లాగింది. చివరికి షాపు యజమాని, నువ్వలా కట్టుకుని కూర్చుంటే వచ్చినవాళ్ళు ఇక్కడేదో రోగం ఉందనుకుంటున్నారమ్మా, అన్నాడు. అప్పట్నుంచీ పూత. పొద్దున్నే లేచి, స్నానాలగది తలుపు గడియ పెట్టి, గోడకి సున్నం వేసినట్టు రెండు పొరలు. అయినా ఏం లాభం. ఒక పాప వచ్చింది, ఎనిమిదేళ్ళ పాప, మొదటిసారి అద్దాలు. పెట్టగానే కళ్ళు పెద్దవి చేసుకుని ఇంత దగ్గరగా చూసింది. అమ్మా, ఆంటీ ముక్కు మీద చీమలున్నాయి అంది. షాపులో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. వాళ్ళమ్మ చెయ్యి గిల్లి, తప్పు, అలా అనకూడదు అంది. పాప మళ్ళీ చూసి, మరి కదలవేంటి అంది. ఎంతో కుతూహలంగా అడిగింది, వెక్కిరింపు కూడా కాదు. ఆమె నవ్వింది. అందరూ నవ్వారు. ఆ మధ్యాహ్నం సామాన్ల గదిలో ఖాళీ డబ్బాల మధ్య నిలబడి, ఏడిస్తే పూత కారుతుందని ఏడవకుండా ఊరుకుంది.

ఆ తర్వాత మెల్లగా వెనక్కి జరిగింది. ఎవరికీ తెలియకుండా, తనకే తెలియకుండా. ముందు మూరెడు కాస్తా మూరన్నర అయింది. తర్వాత అసలు ఎదురుగా కూర్చోవడమే ఎందుకు, పాత కళ్ళద్దాలు తెచ్చుకుంటారుగా, యంత్రంలో పెడితే ఒక్కో అద్దం నడిమధ్య నల్లసిరాతో చుక్క పెట్టి ఇస్తుంది, ఆ రెండు చుక్కల మధ్య స్కేలు పెట్టి కొలిస్తే సరిపోతుంది, మనిషి మొహం చూడక్కర్లేదు, మనిషికి మొహం చూపించక్కర్లేదు. పాతవాటికీ కొత్తవాటికీ తేడా ఏముంటుంది, కంటిపాపలేమైనా జరుగుతాయా. నూటికి తొంభైతొమ్మిది మందికి సరిపోయింది. దర్జీ ఆవిడ వచ్చిన రోజు కూడా అంతే. ముందురోజు సాయంత్రం ముక్కు పక్కన గింజ కట్టినదాన్ని పిన్నీసు వెనకతో నొక్కీ నొక్కీ పుండు చేసుకుంది, పూత నిలబడటం లేదు, పగుళ్ళిస్తోంది. బల్ల అవతలే నిలబడి, మీ అద్దాలొకసారి ఇవ్వండి మేడమ్ అంది. రెండు చుక్కలు. అరవై నాలుగు. రాసేసింది. పది రోజుల తర్వాత ఆవిడొచ్చి తల లాగేస్తోందంది. కొత్త అద్దాలు కదా మేడమ్, అలవాటు పడతాయి, అంది ఆమె. ఆ మాట ఆ షాపులో రోజుకి ఇరవైసార్లు అంటారు, అందులో తప్పేం లేదు, చాలామందికి పడతాయి కూడా. నెలన్నరకి మళ్ళీ వచ్చింది. ఇంకో రెండు వారాలు చూడండి, అలవాటు పడతాయి. మూడోసారి వచ్చినప్పుడు యంత్రంలో పెట్టి చూసి, పవరు సరిగ్గానే ఉంది మేడమ్ అంది. అబద్ధం కాదు, పవరు సరిగ్గానే ఉంది. స్కేలు తీసి ఎదురుగా కూర్చోవాలని ఆమెకి తెలుసు. కుర్చీ కూడా అక్కడే ఉంది.

"నీదేం చీటీ తల్లీ?"

"పసుపండీ."

"ఓ, చర్మానికా. నయం. పైపైన ఉండేదేదైనా నయమే." దర్జీ ఆవిడ రెండు చేతులతో కణతలు నొక్కుకుంది. వేళ్ళ చివర్లు నిండా సూదిపోట్లు, కొన్ని పాతవి, కొన్ని ఎర్రగా కొత్తవి. "నాది లోపల. ముప్పై ఏళ్ళు కుట్టినదాన్ని, ఏనాడూ వేలు పొడుచుకోలేదు. ఇప్పుడు సూది ఉన్నచోట రెండు సూదులు కనిపిస్తున్నాయి. పోయిన వారం ఒకాయన కోటు అడ్డంగా కత్తిరించేశాను. మా నాన్న కూడా ఇలాగే, రెండుగా కనిపిస్తున్నాయి, తల పోటు అని ఆర్నెల్లు తిరిగి పోయాడు. తలలో గడ్డ. ఈ డాక్టరుగారు ఇవాళ చూసి ఆ గొట్టంలో పడుకోబెట్టి ఫొటోలు తీయిస్తారట. ఇంట్లో చెప్పలేదు. కోడలికి నెలలు నిండుతున్నాయి, ఇప్పుడీ వార్త ఏం చెప్పను."

"కళ్ళద్దాల వల్లేమోనండీ," అంది ఆమె. నోరు దాని పాటికది అంది.

"నేనూ అదే అనుకుని షాపుకి పోయాను, ఒకసారి కాదు మూడుసార్లు. అక్కడో అమ్మాయి ఉంది, ఎంత మర్యాదో. మూడుసార్లెళ్ళినా ఒక్కసారైనా విసుక్కోలేదు. యంత్రంలో పెట్టి మరీ చూసి చెప్పింది, సరిగ్గా ఉన్నాయని. అందుకే మరి, లోపం అద్దాల్లో లేదంటే తలలో ఉన్నట్టేగా." ఆవిడ రుమాలు విప్పి అద్దాలు ఒకసారి తడిమి మళ్ళీ చుట్టింది. "వీటికన్నా మా అక్కవే నయం. నావి మిషను మీంచి పడి పగిలితే, ఇవొచ్చేదాకా దాని పాతవి పెట్టుకు తిరిగాను. పవరు ఇంచుమించు ఒకటే. కాకపోతే దానిది పళ్ళెమంత మొహం, నాది చూశావుగా, గరిటెంత. జారిపోతుంటే కాడలకి దారం కట్టుకున్నా."

దారం. నల్లదారం. చూసింది. ఆ రోజు యంత్రంలో పెట్టేటప్పుడు కాడలకి చుట్టిన నల్లదారం ఆమె వేలికి తగిలింది, దర్జీ మనిషి కదా దారం కట్టుకుంది అనుకుంది, అంతే అనుకుంది. అక్క అద్దాలు. అక్క పళ్ళెమంత మొహానికి సరిపడ్డ అద్దాలు. ఆ అరవై నాలుగు అక్కది. ఎదురుగా కూర్చుని ఉంటే, ఒక్కసారి, అరనిమిషం, ఆ సన్నటి మొహాన్ని చూసి ఉంటే, ఈ మొహానికి అరవై నాలుగేమిటి అని చిన్నపిల్లకైనా తట్టేది. చూడలేదు. ఎందుకు చూడలేదంటే తనని చూస్తారని. నీలం పలక మీద ఎనిమిది. పసుపు పలక మీద పదకొండు. పద్నాలుగు రావడానికి ముందే లేచి వెళ్ళిపోవచ్చు, ఈవిడకి తనెవరో తెలియదు, ఎప్పటికీ తెలియదు. పోనీ షాపుకెళ్ళి ఫోను చేసి, మేడమ్ ఒకసారి రండి, ఉచితంగా మళ్ళీ చూస్తాం అని పిలిచి, చడీచప్పుడు లేకుండా అద్దాలు మార్చేసి ఇచ్చేస్తే? అలవాటు పడ్డాయి కదూ అంటే ఆవిడ సంతోషంగా తలూపి, ఎంత మర్యాద గల పిల్లో అనుకుంటుంది. ఎంత బాగుంది. కానీ ఈలోగా ఆ గొట్టంలో పడుకోవాలి. పడుకుని, కళ్ళు మూసుకుని, వాళ్ళ నాన్నని తలుచుకుంటూ. ఇంటికెళ్ళి కోడలి ముందు నవ్వుతూ తిరుగుతూ.

ఇంట్లో ఆయన రాత్రి పక్క ఎక్కే ముందు కళ్ళద్దాలు తీసి కిటికీలో పెడతాడు. ఆ అద్దాలు ఆమె చేయించినవే. అవి కిటికీలో పెట్టిన చప్పుడు వినపడ్డాకే ఆమె ఆయన వైపు తిరుగుతుంది. పన్నెండేళ్ళ కాపురంలో ఇది ఆయనకి తెలియదు. ఏముందే అక్కడ, నాకేం కనపడదే అంటాడు. కనపడదు నిజమే, కనపడకుండా ఉండే వేళ చూసుకునే దగ్గరికొస్తుంది. ఒకసారి ఆదివారం పూట, ప్రేమగానే, నేను తీస్తానుండు అని గోళ్ళు పెట్టి నొక్కబోయాడు, ఆమె మూడురోజులు మాట్లాడలేదు. ఆయన ఎందుకో అర్థం కాక, ఆ మూడురోజులూ వంట ఆయనే చేశాడు. కూతురు నిద్రపోయాక దాని ముక్కు మీద ఫోను లైటు వేసి చూస్తుంది, ఇంకా రాలేదు, ఇంకా రాలేదు అనుకుంటుంది. ఎన్నేళ్ళుగా ఎంత కాపలా. ఈ ముక్కుని ఇంతమంది కళ్ళ నుంచి కాపాడుకుంటూ వచ్చి, కాపాడుకునే పనిలో పడి, ఎవరి కళ్ళు కాపాడటానికి తనకి జీతమిస్తున్నారో ఆ కళ్ళనే గాలికొదిలేసింది. టీచరమ్మ అన్న మాట తప్పని డాక్టరు చెప్పాడు. మురికి మొహంలో లేదు. ఉన్నచోటు వేరు, దాన్ని ఏ డాక్టరూ ఆవిరి పట్టి తియ్యడు. ఆమెకి చచ్చేంత సిగ్గేసింది, ఇదివరకు ఎప్పుడూ వెయ్యనంత, పాప చీమలన్నప్పటి సిగ్గు దీని ముందు ఏ మూలకి.

నీలం పలక మీద తొమ్మిది, వెంటనే పది, ఎవరో రాలేదు కాబోలు. ఆమె లేచింది. సంచి భుజానికి తగిలించుకుంది. వెళ్ళిపోవడానికే లేచింది, ఆ సంగతి దాచడమెందుకు, రెండడుగులు మెట్ల వైపే వేసింది.

"వెళ్తున్నావా తల్లీ," అంది దర్జీ ఆవిడ, ఆ చప్పుడు వైపు మొహం తిప్పి. "నా నంబరు పడితే ఎవరినైనా చెప్పమని చెప్పి వెళ్ళు. నాకు భయమేసి కాళ్ళాడటం లేదు."

ఆమె వెనక్కొచ్చింది. కుర్చీలన్నీ ఒకే కడ్డీకి బిగించి ఉన్నాయి, ఎదురుగా లాక్కుని కూర్చోవడానికి లేదు. నేల మీద మోకాళ్ళేసుకుని కూర్చుంది. ఇద్దరి కళ్ళూ ఒకే ఎత్తుకొచ్చాయి. సంచిలో పక్క జేబులో స్కేలు ఎప్పుడూ ఉంటుంది, ముక్కు ఆనేచోట అర్ధచంద్రంలా కోసిన తెల్లటి స్కేలు, అంచులు అరిగిపోయింది. తీసి ఆవిడ ముక్కు దూలం మీద ఆనించింది. ఆవిడ ఉలిక్కిపడి వెనక్కి జరగబోయింది.

"నా ఎడమకన్ను చూడండి," అంది ఆమె, షాపు గొంతుతో.

ఆవిడ ఆ గొంతు గుర్తుపట్టింది. "నువ్వు..."

"కదలకండమ్మా. ఇప్పుడు నా కుడికన్ను చూడండి."

యాభై ఏడు. ఇంకోసారి తీసింది. యాభై ఏడే. ఆవిడ ఒళ్ళోంచి రుమాలు తీసి, అద్దాలు విప్పి, కిటికీ వైపు పట్టుకుని, కిటికీ ఊచ అద్దం లోపలా బయటా విరగకుండా ఒక్కటిగా కనిపించే చోటు, అంటే అద్దం నడిమధ్య, వెతికింది, ఒక అద్దంలో, ఇంకో అద్దంలో. స్కేలు పెట్టింది. అరవై నాలుగు. చెప్పడం మొదలుపెట్టింది. అక్క అద్దాలకి కొలత తీశానమ్మా, మీ కళ్ళకి తియ్యలేదు, ఏడు మిల్లీమీటర్లు తేడా, ఇంత పవరుకి అంత తేడా ఉంటే రెండుగా కనిపిస్తాయి, తల పగిలిపోతుంది, ఎవరికైనా. అలవాటు పడేవి కావు ఇవి. మూడుసార్లు వచ్చినా నేను కొలవలేదు. డాక్టరుగారికి ముందు ఈ మాట చెప్పండి, ఫొటోల సంగతి ఆ తర్వాత ఆయనే చూస్తారు. అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పింది, నేల చూస్తూ.

దర్జీ ఆవిడ ఒక చెయ్యి చాచి ఆమె గడ్డం పట్టుకుని పైకెత్తింది, తను ముందుకి వంగింది, మూరెడు నుంచి జానెడు దాకా, ఆవిడ ఉత్త కళ్ళకి అన్నీ తేటగా కనిపించే దూరం దాకా. నిదానంగా చూసింది. నుదురు, బుగ్గలు, ముక్కు, గడ్డం. ఆమె కళ్ళు మూసుకోలేదు. చెయ్యి ముక్కు మీదికి పోబోయింది, ఆ చేతిలో స్కేలుంది.

"ఆ రోజు ఇంత దగ్గరికెందుకు రాలేదు?"

"ఇవి కనిపిస్తాయని."

"ఏవి?"

"ముక్కు మీద... ఈ నల్లచుక్కలు."

ఆవిడ మళ్ళీ చూసింది, వెతుక్కుని చూసినట్టు. "వీటికా," అంది. గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండేది. "వీటి కోసం నాలుగు నెలలు నేను పోతున్నాననుకున్నానా."

పసుపు పలక టింగుమంది. పద్నాలుగు, పద్నాలుగు ఎవరండీ అని రిసెప్షన్ పిల్ల రెండుసార్లు పిలిచి, హాలంతా చూసి, పక్క అంకె వేసింది. కాసేపటికి నీలం పలక కూడా టింగుమంది.

"పదకొండు పడిందమ్మా," అంది ఆమె.

"లోపలికి రా. నాకు చెప్పినట్టే ఆయనకీ చెప్పు, నీ నోటితో," అంది దర్జీ ఆవిడ, లేచి, చెయ్యి గాల్లోకి చాస్తూ. ఆమె ఆ చెయ్యి పట్టుకుని కుడి తలుపు వైపు నడిపించింది. నరాల డాక్టరు గదికి పెద్ద కిటికీ, తెర లేదు, ఎండంతా లోపలే ఉంది. రోగితో వచ్చినవాళ్ళకి వేసిన కుర్చీ సరిగ్గా ఆ వెలుతురుకి ఎదురుగా ఉంది. ఆమె అందులోనే కూర్చుంది. డాక్టరు ఆవిడ చీటీ చూసి, కాగితం తిప్పి, తర్వాత తలెత్తి ఆమె మొహం వైపు చూశాడు.

"ఈవిడకి మీరేమవుతారు?"

"ఏమీ కానండీ," అంది ఆమె. "ఈవిడ కళ్ళకి కొలత తియ్యాల్సిన మనిషిని. తియ్యలేదు."